ప్రజాదరణము ధర్మమునకు ప్రమాణమగునా? రమ్ము అను సారాయి చరిత్రమును గూర్చిన విచారణ

బహుకాలమునుండి బహుజనులచేత నాదరింపబడుచున్న వస్తువునెడల మనుష్యునకు సహజముగా నొక గౌరవము కలుగుచుండును. "ఇంతమంది యిన్ని యేండ్లు మెచ్చినది చెడ్డదెట్లగును?" అను ప్రశ్న తర్కమువలె గానవచ్చును గాని నిజమునకు తర్కము చేయు శ్రమనుండి తప్పించుకొను మార్గము మాత్రమే. లోకమందలి దురాచారములు పెక్కులు ఈ ప్రశ్ననే కవచముగా తొడుగుకొని నిలిచినవి. సహగమనమును, బాల్యవివాహములును, అస్పృశ్యతయు నొకప్పుడు బహుజనసమ్మతములే. అయినను బహుజనసమ్మతమైనదెల్ల చెడ్డదనుటయు సరియైన తర్కము కాదు. కావున ప్రజాదరణమను సాక్షి ధర్మసభకు వచ్చినప్పుడు వానిని మెడబట్టి వెడలగొట్టుటయు తగదు. వాడు చెప్పినదెల్ల నమ్మి వ్రాసికొనుటయు తగదు. న్యాయస్థానమునందు ఏ సాక్షినైన నడుగునట్లే వానినిగూడ నడుగవలెను: నీవెవరవు? నిన్నిచ్చటికి పిలిపించినదెవరు? నీకు బత్తెమిచ్చినదెవరు?

ఈ విచారణకు రమ్ము అను సారాయిని నేనెన్నుకొనుటకు కారణము గలదు. కల్లు పుట్టుకయు, ద్రాక్షాసవము పుట్టుకయు చరిత్రకందని కాలమున మరుగుపడియున్నవి. రమ్ము పుట్టుకయో, దస్తావేజులయందున్నది. అది పుట్టిన ద్వీపమును, దానిని పెంచినవారిని, దానివలన లాభమందినవారిని వ్రాతమూలముగా చూపవచ్చును. మన భాషయందు "రమ్ము" అనునది పిలుపుమాట. ఈ రమ్మును లోకములోనికి రమ్మని పిలిచినవారెవరో విచారించినచో, దాని ప్రజాదరణమెంతవరకు ప్రజలదో, ఎంతవరకు పరులు కల్పించినదో తేటపడును.

చెరకు మొదట న్యూగినీ ద్వీపప్రాంతమున సాగులోనికి వచ్చి అచ్చటనుండి మన దేశము చేరెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రసమును కాచి పలుకుగట్టించి శర్కర చేయు విద్యను లోకమునకు నేర్పినది భరతఖండమే. ఇంగ్లీషువారి "షుగర్" అను మాటయు మన శర్కరాశబ్దమునుండి వెడలినదే. అరబ్బులు చెరకును మధ్యధరాసముద్ర తీరములకు గొనిపోయిరి. పోర్చుగీసువారు పదునైదవ శతాబ్దమున మదీరా ద్వీపమున నాటిరి. కొలంబసు 1493వ సంవత్సరమున తన రెండవ యాత్రయందు కరిబియను ద్వీపములకు చేర్చెను. ఇంగ్లీషువారు బార్బడోసు ద్వీపమున 1627వ సంవత్సరమున కాపురములు పెట్టి, మొదట పొగాకును ప్రత్తిని పండించి, 1640వ సంవత్సరము తరువాత చెరకునకు దిగిరి.

చెరకును గానుగలాడి రసమును కొప్పెరలలో కాచునప్పుడు పైకి తెట్టు తేలును. చక్కెర పలుకుగట్టిన పిమ్మట నల్లని మడ్డి దిగువకు కారును. ఈ మడ్డినుండి తిరిగి చక్కెర తీయుట లాభకరము కాదు. తోటదారులు దానిని పశువులకు పెట్టిరి, బానిసలకు పెట్టిరి, తక్కినదానిని పారబోసిరి. కాని యుష్ణదేశమున మడ్డికి నీరు తగిలినచో గాలిలోని ఈస్టు చేరి తనంతటనే పులియజేయును. పులిసినదానిని బట్టీపెట్టి కాచినచో, నీరు 100 డిగ్రీల వేడిమికి మరగును గాని సారము 78 డిగ్రీలకే యావిరియగును గనుక, ఆ యావిరిని చల్లార్చి పట్టినది తీక్ష్ణమైన సారాయి యగును. క్రొత్తగా దిగినప్పుడది నీటివలె తెల్లనిది. కొయ్య పీపాలలో నిలువయుంచుటవలనను, మాడ్చిన చక్కెర కలుపుటవలనను దానికి ఎర్రని రంగు పట్టును.

1647వ సంవత్సరము మొదలు మూడేండ్లు బార్బడోసునందు నివసించిన రిచర్డు లిగను అను నాంగ్లేయుడు 1657వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమునందు ఈ సారాయిని "కిల్ డెవిల్", అనగా దయ్యమును చంపునది, అను పేర వర్ణించియున్నాడు. ఆ కాలపు మరియొక వ్రాతలో "రంబులియను" అను పేరును గలదు. ఆ మాటకు అల్లరి, కలహము అని యర్థము. దానిని కురుచచేయగా రమ్ము అయ్యెనని పెక్కండ్ర యభిప్రాయము. దయ్యమును చంపుననియో, కలహమనియో పేరు పెట్టినవారికి ఈ వస్తువు గుణము తెలియకపోలేదు.

ఇచ్చట నొక యాక్షేపము వినవచ్చును. "మన పూర్వులును బెల్లపు మద్యము నెరుగుదురు గదా, మనుస్మృతి గౌడి, పైష్టి, మాధ్వి యని సురను మూడు విధములుగా చెప్పలేదా? అర్థశాస్త్రమునందు సురాధ్యక్షుడను నుద్యోగి లేడా?" అని కొందరందురు. నిజమే. గౌడి యనగా బెల్లముతో చేసిన సురయే. కాని పులిసిన పానీయమునకును, కాచి దింపిన సారాయికిని భేదము గుణమునందే కాదు, రాజ్యతంత్రమునందును గలదు. తాటిచెట్టునుండి తెల్లవారి దింపిన కల్లు సాయంకాలమునకు పులిసిపోవును. దానికి చెట్టు నొక హద్దు, ఋతువు నొక హద్దు, దినము నొక హద్దు. దానిని సముద్రము దాటించుటకు వీలులేదు. ఏండ్ల తరబడి కొట్లలో దాచుటకు వీలులేదు. రమ్మునకీ హద్దులేవియు లేవు. పీపాలో పోసి ప్రపంచమంతయు త్రిప్పినను అది చెడదు. చెడని వస్తువును కూడబెట్టవచ్చును, పన్ను వేయవచ్చును, జీతముగా నీయవచ్చును, మనుష్యులను కొనుటకు నాణెముగా వాడవచ్చును. ఈ నాలుగు పనులును రమ్ముతో జరిగినవి. పల్లెటూరి పానీయము రాజ్యసాధనమగుట రమ్ముయొక్క చరిత్రలోని ముఖ్యాంశము.

మొదట దానిని పిలిచినవారు తోటదారులు. ఖర్చులేని మడ్డిని కాసులుగా మార్చుట వారికి కావలసియుండెను. చక్కెర చేసినకొలది మడ్డి పెరుగును. మడ్డి పెరిగినకొలది సారాయి పెరుగును. సారాయి పెరిగినకొలది త్రాగువారు కావలెను. దాహముండుటచేత సారాయి పుట్టలేదు. సారాయి మిగులుటచేత దాహమును వెదకవలసి వచ్చినది.

రెండవవారు నౌకాధిపతులు. దీర్ఘప్రయాణములయందు నీరు పాచిపట్టును, బీరు పులిసిపోవును. 1655వ సంవత్సరమున ఇంగ్లీషు నౌకాదళము జమైకాను పట్టుకొన్నది మొదలు కరిబియను సముద్రమందలి నావికులకు రమ్ము అలవడసాగెను. 1731వ సంవత్సరపు నౌకాదళ నిబంధనలు బీరు దొరకని చోట నావికునకు దినమునకు అర పైంటు, అనగా రమారమి పావు లీటరు, సారాయి నీయవచ్చునని శాసించినవి. అంతటి మోతాదు దినదినమును లోపలికి పోవుచుండగా నావికులు కొయ్యలనుండి జారిపడుటయు, శిక్షలపాలగుటయు చూచి, వెర్నను అను నౌకాధిపతి 1740వ సంవత్సరము ఆగస్టు నెలలో దానికి నాలుగింతలు నీరు కలిపి రెండు పూటలుగా నీయుడని ఆజ్ఞ యిచ్చెను. అతడు తొడుగు ముతక గ్రోగ్రము వస్త్రపు అంగీనిబట్టి నావికులతనిని "ఓల్డ్ గ్రాగ్" అనుచుండిరి. ఆ పేరే నీరు కలిపిన రమ్మునకు పట్టెను. ఇట్లు ప్రభుత్వమే తన చేతితో దినదినమును కొలచి పోసిన వస్తువునకు తరతరముల నావికులలవాటుపడుట ఆశ్చర్యము కాదు. దీనినే కదా మనము ప్రజాదరణమనుచున్నది!

మూడవవారు బానిసల వర్తకులు. ఉత్తర అమెరికాలోని రోడ్ ఐలండు వలసరాజ్యపు ఓడలు కరిబియను మడ్డిని తెచ్చి న్యూపోర్టు మొదలగు పట్టణములలో రమ్ముగా కాచి, ఆ రమ్మును ఆఫ్రికా తీరమునకు గొనిపోయి మనుష్యులను కొని, ఆ మనుష్యులను చెరకు తోటలకమ్మి, మరల మడ్డిని తెచ్చుచుండెను. ఆ యొక్క చిన్న రాజ్యపు ఓడలే లక్షకు పైబడిన యాఫ్రికనులను సముద్రము దాటించినట్లు లెక్కలు తేల్చినవి. ఐరోపా, అమెరికా దేశములవారందరును కలిసి ఓడలనెక్కించిన యాఫ్రికనులు రమారమి 1 కోటి 25 లక్షలు; వారిలో 18 లక్షలమంది దరిచేరక దారిలోనే మరణించిరి. బానిస కోసిన చెరకునుండి పుట్టిన సారాయి మరియొక బానిసను కొనుటకు వెలయయ్యెను. ఒక చేతితో చేసిన సంకెల రెండవ చేతికి తగిలించుట యనగా నిదియే.

నాలుగవవారు పాలకులు. ఆస్ట్రేలియా ఖండమందలి సిడ్నీ వలసయందు నాణెములు కరవైనప్పుడు సారాయియే నాణెమయ్యెను. అచ్చటి సేనాధికారులు దాని దిగుమతిని గుప్పిట పట్టి కూలివారికి కూలిగా పోసిరి. మన వంగదేశమున కాచిన రమ్మును ఓడలలో ఆ తీరమునకు పోవుచుండెను. సారాయి వ్యాపారము నణచబూనిన బ్లై అను గవర్నరును ఆ సైన్యమే 1808వ సంవత్సరము జనవరి 26వ తేదీని పదవినుండి త్రోసివైచెను. ఆ తరువాతి గవర్నరు ఆస్పత్రి కట్టించుటకు ధనములేక, 45,000 గ్యాలనుల సారాయి దిగుమతి చేసికొను హక్కును గుత్తదారులకిచ్చి కట్టించెను. సారాయిచేత రోగులను చేసి, సారాయి సొమ్ముతో వారికి ఆస్పత్రి కట్టు ఈ రాజనీతి తరువాతి ప్రభుత్వములు పెక్కింటికి మిక్కిలి నచ్చినది.

తోటలలోపల రమ్ము చేసిన పని యింకను సూక్ష్మమైనది. గానుగకు చెరకు పెట్టు బానిస నిద్రమత్తున చేయి జార్చినచో రోలర్లు చేతిని లోపలికి లాగును. అట్టి సమయమున చేతిని నరికి ప్రాణము దక్కించుటకై ప్రక్కనే గొడ్డలి సిద్ధముగా నుంచెడివారు. ఇట్టి చోట జబ్బుపడిన బానిసకు మందని ఒక గిన్నెడు సారాయి పోయుచుండిరని లిగనే వ్రాసెను. బార్బడోసు శాసనసభ 1661వ సంవత్సరమున బానిసల శాసనమును నిర్మించి వారిని సొత్తువలె పరిగణించెను. జమైకా మొదలగు వలసలు దాని నక్కరములతో సహా అనుకరించినవి. శాసనము దేహమును బంధించెను. సారాయి మనస్సును జోకొట్టెను. బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరికు డగ్లసు 1845వ సంవత్సరమున ప్రకటించిన స్వీయచరిత్రమునందు, యజమానులు క్రిస్మసు సెలవులలో బానిసలచేత పందెములు వేసి త్రాగించుచుండిరనియు, స్వాతంత్ర్యమనగా తాగుబోతుతనమే యను రోత వారికి పుట్టించుట దాని యుద్దేశమనియు చెప్పియున్నాడు. అతడు చెప్పినది విస్కీని గూర్చి గాని, న్యాయము రెంటికిని నొక్కటియే. మనుష్యుని నిగ్రహమును హరించి, పిమ్మట "వీనికి నిగ్రహము లేదు, స్వాతంత్ర్యమున కర్హుడు కాడు" అని తీర్పు చెప్పు యుక్తి యిది.

ఇంతవరకు ప్రతిపక్షము మాటయే వింటిమి. రమ్ము పక్షమునను న్యాయముగా చెప్పదగినది గలదు. పరులు పోసినదానిని త్రాగిన జనులు క్రమముగా దానిని తమదిగా చేసికొనిరి. హెయితి ద్వీపపు భక్తులు తమ దేవతలకును పితరులకును రమ్మును ధారవోయుదురు. కరిబియను గృహములలో క్రిస్మసు భక్ష్యమునకు ఎండుద్రాక్షలను నెలల తరబడి రమ్మున నానవేయుట తల్లులు కుమార్తెలకు నేర్పు విద్య. మార్టినీకు ద్వీపవాసులు మడ్డితో గాక చెరకురసముతోనే చేయు తమ రమ్మునకు 1996వ సంవత్సరమున ఫ్రెంచి ప్రభుత్వమువలన ప్రత్యేక స్థలనామపు హక్కును బడసిరి. జమైకాలో కాచుపనివారు పూర్వపు బట్టీలలో మిగిలిన పుల్లని మడ్డినీటిని దాచి మరుసటి బట్టీకి చేర్చి పరిమళము పుట్టించుట నిజముగా నొక శిల్పము. దుఃఖములో దొరికినదానితోనే పండుగ చేసికొనగల శక్తి మనుష్యజాతికి గలదు. దానిని నిందించు నధికారము మనకు లేదు. మన దేశమునందును 1954వ సంవత్సరమున వెలువడిన "ఓల్డ్ మాంక్" అను రమ్ము ప్రకటనల యార్భాటము లేకయే రెండు మూడు తరములవారి స్నేహగోష్ఠులకు చిహ్నమైనది. చలికొండలపై కావలి కాయు సైనికుడు దానిని తలచుకొనుట కపటము కాదు.

కాబట్టి ప్రజాదరణమను సాక్షి అబద్ధీకుడు కాడు. వాడు రుచినిగూర్చి చెప్పునది నిజము. అలవాటునుగూర్చి చెప్పునది నిజము. ఓదార్పునుగూర్చి చెప్పునదియు కొంతవరకు నిజమే. కాని వానినడిగిన ప్రశ్న రుచినిగూర్చి కాదు, న్యాయమునుగూర్చి. దానిని వాడెరుగడు. కన్నులార చూడని సంగతినిగూర్చి చెప్పిన సాక్ష్యము ఎంత యథార్థవాదిది యైనను చెల్లదు.

ఇక నొక ప్రశ్న. కొనువానికి పాపమున్నదా? ఈ ప్రశ్నను ధర్మసంకటముగా మొదట లోకమునకు గట్టిగా చాటినవారిలో విలియం ఫాక్సు అను నాంగ్లేయుడొకడు. 1791వ సంవత్సరమున ఇంగ్లండు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిలుపు బిల్లును త్రోసివేయగా, అతడు ఆ సంవత్సరమే పశ్చిమ ఇండియా దీవుల చక్కెరను రమ్మును విడువుడని జనులకు విజ్ఞాపనముగా నొక చిన్న పుస్తకమును ప్రకటించెను. అది వేలకొలది ప్రతులు వ్యాపించెను. మూడు లక్షలమంది చక్కెర మానిరని ఆ యుద్యమపు నాయకుడగు క్లార్క్‌సను అంచనా వేసెను. ఓటుహక్కు లేని స్త్రీలు తమ వంటయింటి వాకిటనే శాసనము చేసిరి. దొంగసొత్తని యెరిగియు కొనువానిని ప్రపంచమందలి శాసనములన్నియు శిక్షించుచున్నవి; ఏలయన, కొనువాడు లేనిచో దొంగకు వృత్తి లేదు. ఎరుగక కొన్నవానికి శిక్ష లేదు. కాని యెరుగగలిగియు ఎరుగనొల్లనివాడెవ్వరిలో చేరును? శాసనము వానిని విడువవచ్చును గాని అంతరాత్మ విడువదు. ఫాక్సు చేసిన మేలు జనులను భయపెట్టుట కాదు. ఎరుగము అను సాకును వారినుండి తీసికొనుట.

బానిసత్వము 1833వ సంవత్సరపు శాసనముచేత ఆంగ్ల వలసలలో రద్దయినది. యజమానులకు 2 కోట్ల పౌనులు నష్టపరిహారముగా నీయబడెను. బానిసలకు కాసైనను లేదు. తోటలు మాత్రము నిలిచినవి, గానుగలు నిలిచినవి, బట్టీలును నిలిచినవి. పనివారు కావలసి వచ్చిరి. అప్పుడు మన దేశమువంక చూచిరి. 1834వ సంవత్సరము మొదలు ఒడంబడిక కూలీలుగా మారిషసు ద్వీపమునకు రమారమి నాలుగున్నర లక్షలమందియు, 1838వ సంవత్సరము మొదలు బ్రిటిషు గయానాకు రమారమి 2 లక్షల 40 వేలమందియు పోయిరి. వారిలో మన తెలుగువారును గలరు. కాకినాడకు చేరువనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కినవారగుటచేత మారిషసునందు తెలుగువారికి "కొరింగీలు" అనియే పేరు పడినది. ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోయు నిబంధన ఆ ద్వీపమున చెల్లుచుండెను. గయానా తోటల చెంతనే రమ్ము దుకాణములు వెలసినవి. చెరకు నరికి సంపాదించిన కూలి, చెరకునుండి పుట్టిన సారాయిగా మారి, తోటల వ్యాపారమునకే తిరిగి చేరుచుండెను. కూలీల యెగుమతి 1917వ సంవత్సరమున నిలిచి, ఒడంబడికలు 1920వ సంవత్సరమున ముగిసినవి. డెమెరారా రమ్మని నేడు ప్రపంచమంతట కొనియాడబడు ద్రవమున నల్లవారి చెమటయే కాక మనవారి చెమటయు నున్నదని తెలుగు చదువరి యెరుగుట మంచిది.

అయినచో పుట్టుకయందలి పాపము వస్తువును శాశ్వతముగా నంటియుండునా? అంటదని నా నిశ్చయము. మనుష్యుని పుట్టుకనుబట్టి తీర్పు చెప్పరాదని జాతిభేదమును ఖండించు మనము, వస్తువును మాత్రము పుట్టుకనుబట్టి దండించుట న్యాయము కాదు. ప్రత్తియు, చక్కెరయు, కాఫీయు నట్టి రక్తచరిత్రము గలవియే. వానిని మనము విడువలేదు. రమ్మును పుట్టుకనుబట్టి తిట్టుట సులభము; ఏలయన, ఆ పాపము చేసినవారు మరణించిరి, మనకేమియు ఖర్చు కాదు. కష్టమైన ప్రశ్న వేరొకటి: నాడు దానిని పిలిచిన నలుగురి స్థానములయందు నేడెవరు కూర్చున్నారు?

మన సీమయందు ఈ ప్రశ్నకుత్తరము దూరమున లేదు. మన చక్కెర మిల్లుల మడ్డియే మన దేశపు రమ్మునకును, చవుక విస్కీలలో పెక్కింటికిని, నిన్నమొన్నటివరకు పల్లెలలో సర్కారు సారాయికిని మూలద్రవ్యము. కూలివాని సారాయియు దొరగారి రమ్మును ఒక తల్లి బిడ్డలే. పేరును సీసాయును వేరు. ఆంధ్రప్రదేశమున ఒకప్పుడు ప్రభుత్వమే సారాయిని పొట్లములలో నింపించి గ్రామగ్రామమునకు పంపెను. అక్షరాస్యతా పాఠములు నేర్చుకొనుచున్న నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992వ సంవత్సరమున తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లాలు దాటి వ్యాపింపగా 1993వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి సారాయియు, 1995వ సంవత్సరము జనవరినుండి సమస్త మద్యమును నిషేధింపబడెను. 1997వ సంవత్సరమున ఆ సంపూర్ణనిషేధము సడలెను. దొంగసారాయి పెరిగెననుట యొక కారణము, ఖజానా తరిగెననుట రెండవ కారణము. మొదటిది విచారింపదగిన కారణమే. బలవంతపు నిషేధము పట్టణమున దొంగవర్తకుని ధనికుని చేయునని అమెరికాలోని 1920 మొదలు 1933 వరకు గల నిషేధమును రుజువుచేసినది. రెండవ కారణము మాత్రము సిడ్నీ గవర్నరు ఆస్పత్రి కట్టిన కారణమే. నేటికిని రెండు తెలుగు రాష్ట్రముల ఖజానాలకు మద్యము గొప్ప యాధారమైయున్నది. దూబగుంట స్త్రీలు అడిగినది మనమడుగు ప్రశ్ననే: ఈ త్రాగుడును మా యింటికి పిలిచినదెవరు? పుస్తకము చదివి కాదు, వారు వంటయింటి కుండలో చూచి యడిగిరి.

విద్యావంతులగు మన సోదరులలో నొక వింత గలదు. సాయంకాలము క్లబ్బునందు మంచుగడ్డ వేసికొని రమ్ము సేవించుట నాగరకత యనియు, కూలివాడు సంత దారిలో త్రాగుట పతనమనియు వారి భావము. దేహము ఈ భేదము నెరుగదు. మద్యము మనుష్యులకు పుండుకురుపు, అనగా క్యాన్సరు, కలిగించు వస్తువులలో మొదటి తరగతిది యని అంతర్జాతీయ శాస్త్రజ్ఞులు 1988వ సంవత్సరముననే నిర్ణయించిరి. 2019వ సంవత్సరమున మద్యమువలన లోకమున 26 లక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్క. ఆ లెక్కలో సీసా వెల వ్రాయబడలేదు. ధనికుడు తన త్రాగుడునకు తానే మూల్యమిచ్చుచున్నాననుకొనును. ఆతని గోష్ఠి చూచి నాగరకత నేర్చుకొను చిన్నవానిని, మద్యమునకు మర్యాద తెచ్చిపెట్టు తన మాదిరిని లెక్కలో వేసికొనడు. సాధుజనులు వాడుచున్నారు గనుక మంచిదే యను ప్రజాదరణము అచ్చటనే పుట్టుచున్నది.

అలవాటు మార్పరానిదని నిరాశపడువారికి రమ్ముయొక్క చరిత్రయే యొక యుదాహరణమిచ్చుచున్నది. ఏ ప్రభుత్వము నావికులకు అర పైంటు కొలచి పోసెనో ఆ ప్రభుత్వమే 1824వ సంవత్సరమున మోతాదును సగము చేసెను; మరల 1850వ సంవత్సర ప్రాంతమున దానినిగూడ సగము చేసెను. తరువాతి కాలమున త్రాగనొల్లని నావికునకు దినమునకు మూడు పెన్నీలు బదులుగా నిచ్చు నేర్పాటు జరిగినది. తుదకు సూక్ష్మయంత్రములతో పనిచేయువానికి మధ్యాహ్నపు సారాయి తగదని పార్లమెంటున చర్చించి 1970వ సంవత్సరము జూలై 31వ తేదీని ఆ యాచారమును ముగించిరి. కొందరు నావికులు చేతులకు నల్లపట్టీలు కట్టుకొని దుఃఖించిరి. అయినను ఓడలు నడచుచునే యున్నవి. మూడు వందల యేండ్ల ప్రజాదరణము పోయుచేయి నిలిచినంతనే తన బలములో నెంతభాగము ఆ చేతిదో చూపినది. మూడు పెన్నీల సంగతి నాకు మరింత ముఖ్యముగా తోచుచున్నది. ఏలయన, త్రాగనని చెప్పుటకు నష్టములేని చోటనే త్రాగుట స్వేచ్ఛ యగును.

ధర్మనిర్ణయమునకు నాకు తోచిన పరీక్షలు మూడు. ఒక వస్తువు చిరకాలము జనులచేత నాదరింపబడినదని విన్నప్పుడు, ఆ యాదరణమును కల్పించుటవలన లాభమందినదెవరని యడుగవలెను. దానివలని నష్టమును భరించువాడును, సుఖమును పొందువాడును ఒక్కడేనా యని యడుగవలెను. వలదనువానికి వలదనుటకు వీలు కలదా యని యడుగవలెను. పండుగనాడు ఇంటనొక పాత్రలో నానిన భక్ష్యము ఈ మూడు ప్రశ్నలకు నిలువవచ్చును. కూలి దినమున తోటవాకిట తెరచిన దుకాణము నిలువదు. తన రాబడికొరకు పేదవాని దాహమును లెక్కవేసికొను ఖజానాయు నిలువదు.

లోకము చక్కెర తినినంతకాలము మడ్డి పుట్టుచునే యుండును. మద్యము ముట్టనివాడును కాఫీలో చక్కెర వేసికొనుచున్నాడు గనుక ఆ మడ్డిని తనది కాదనలేడు. దానిని సారాయిగానే మార్పవలెనను నిర్బంధము లేదు. పశువుల మేతకును, ఈస్టు పెంచుటకును, పెట్రోలులో కలుపుటకును నేడది వినియోగపడుచున్నది. మన దేశమున 2025వ సంవత్సరము నాటికి పెట్రోలులో నూటికి 20 వంతులు ఇట్టి సారము కలుపబడుచున్నది. ఆ సారములో కొంత చెరకునుండియు, కొంత ధాన్యమునుండియు వచ్చుచున్నది. మిగిలినదానిని మనుష్యుని గొంతులోనే పోయవలెనను మాట 1650వ సంవత్సరపు తోటదారునకు లాభమగుటచేత నిజమైనది. మనకది నిజము కానక్కరలేదు.

కాబట్టి చదువరులారా, రమ్మును ద్వేషింపుడని నేను చెప్పను. సీసాకు ద్వేషము తెలియదు. దానిని త్రాగువానిని ఏవగించుకొనుడనియు చెప్పను. మూడు వందల యేండ్లు వానికి పోసినవారిని మరచి వానినొక్కనినే నిందించుట అధర్మము. ఇంతమంది మెచ్చినదను మాట మీ యెదుట సాక్ష్యముగా వచ్చినప్పుడు మాత్రము, దానికి బత్తెమిచ్చినదెవరని అడుగక విడువకుడు. ఆ బత్తెములో మన పాలెంతయున్నదో మొదట మన యింటి లెక్కలలో, పిమ్మట మన ప్రభుత్వపు లెక్కలలో చూచుకొనుడు.